పేరు తప్పు పలకొద్దు: అక్టోబరు 21కి ముందు ఒక మనవి

తిరుపతి, చిత్తూరు జిల్లాల పోలీసు సూపరింటెండెంట్లకు, ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) విభాగం అధికారులకు, అమరుల జాబితా రాసే సెక్షన్ సిబ్బందికి

అయ్యా,

అక్టోబరు 21న జరిగే పోలీసు అమరుల సంస్మరణ గురించి జూలైలో ఉత్తరమేంటి అనుకోవచ్చు. ఆ రోజు పరేడ్‌లో చదివే జాబితా ఆగస్టు 31తో మూసుకుంటుంది. కిందటేడు సెప్టెంబరు 1 నుంచి ఈ ఏడు ఆగస్టు 31 దాకా విధి నిర్వహణలో పోయినవారి పేర్లే అందులో ఉంటాయి. ఇప్పుడు దిద్దుకుంటేనే దిద్దుబాటు. అక్టోబరులో దిద్దితే కాగితం మీద గీత మిగులుతుంది, మైకులో తప్పే వినిపిస్తుంది.

ఇది రాస్తున్నవాళ్ళం కొందరం డ్రిల్ నేర్పినవాళ్ళం, కొందరం సర్వీసు రిజిస్టర్లు రాసినవాళ్ళం, ఒకరిద్దరం రాతి పని చూసినవాళ్ళం. కింద చెప్పే పొరపాట్లు ఏ ఒక్క మైదానానివీ, ఏ ఒక్క ఆఫీసువీ కావు. రాష్ట్రంలో ఎక్కడైనా జరిగేవే. వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు.

ముందుగా ఆ తేదీ సంగతి. 1959 అక్టోబరు 20న లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ నుంచి మూడు పోలీసు దళాలు గస్తీకి వెళ్తే రెండే తిరిగొచ్చాయి. రానివాళ్ళను వెతకడానికి మరునాడు కరమ్ సింగ్ అనే అధికారి వెంట ఇరవై మంది దాకా బయలుదేరారు. గుట్ట మీద నుంచి చైనా సైనికులు కాల్పులు జరిపారు. పదిమంది చనిపోయారు. వాళ్ళ దేహాలను చైనా నవంబరు 13న గానీ అప్పగించలేదు. హాట్ స్ప్రింగ్స్‌లోనే పోలీసు లాంఛనాలతో దహనం చేశారు. సొంతూళ్ళకు దేహాలు రాలేదు. ఆ మరుసటి జనవరిలో రాష్ట్రాల పోలీసు ఐజీల సమావేశం అక్టోబరు 21ని సంస్మరణ దినంగా నిర్ణయించింది. అంటే ఈ దినం పుట్టుకలోనే ఇంటికి రాని మనిషి ఉన్నాడు. అలాంటివాళ్ళకు మనం చేయగలిగిందల్లా పేరు సరిగ్గా పలకడం. మా ఉత్తరం మొత్తం దాని గురించే.

పేరు ఎక్కడ చెడుతుందో చెప్తాం. సర్వీసు రిజిస్టరులో పేరు ఇంగ్లీషులో ఉంటుంది. జిల్లా నుంచి మంగళగిరిలోని రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయానికి, అక్కడి నుంచి ఢిల్లీకి వెళ్ళేదీ ఇంగ్లీషు జాబితానే. తిరిగి జిల్లాకొచ్చాక పరేడ్ కోసం ఎవరో ఒకరు దాన్ని తెలుగులో టైపు చేస్తారు. ఆ టైపు చేసే మనిషి చనిపోయినవాణ్ణి చూసి ఉండడు, వాళ్ళ ఊరు ఎరగడు. ఇంగ్లీషు అక్షరాలను చూసి ఊహిస్తాడు. మన పక్క పేర్లకు ఆ ఊహ అందదు. చెంగల్రాయుడు 'చెంగలరాయుడు' అవుతాడు. పళని 'పలాని' అవుతాడు, ఆర్ముగం 'అరుముగం' అవుతాడు, దొరస్వామి 'దురైస్వామి' అవుతాడు. రమణ, రామన్న, రమణయ్య తారుమారవుతారు. అన్నిటికంటే ఎక్కువగా చెడే పేరు బాషా. 'బ'కు ఒత్తు పెట్టి 'భాషా' అని రాయడం ఎంత అలవాటైందంటే, కొన్ని ఇళ్ళలో వాళ్ళే అలా రాసుకుంటున్నారు. కాబట్టి ఇక్కడ వ్యాకరణం పనికిరాదు. ఆ ఇంట్లో ఎలా రాస్తారో అదే ఒప్పు.

ఇంటిపేరు సంగతి ఇంకా చిక్కు. 'కె' అంటే కొండేటా, కట్టమంచా, కాకర్లా? జాబితాలో ఒక్క అక్షరం, చుక్క. మైకులో 'కే రమణ' అంటే ఆ వరసలో కూర్చున్న నాలుగు కుటుంబాలు తలెత్తుతాయి. పీసీ (కానిస్టేబుల్) నంబరు ఉంది కదా అంటారు. నంబరొక్కటే ఆనవాలు కాదు. జిల్లా మారితే నంబరు మారుతుంది, ఖాళీ అయిన నంబరు ఇంకొకరికి వెళ్తుంది. ఇంటిపేరు పూర్తిగా, పేరు పూర్తిగా, హోదా, నంబరు, పనిచేసిన స్టేషన్, సొంతూరు. ఈ ఆరూ ఉంటేనే మనిషి తేలుతాడు.

ఇది లాంఛనాల గొడవేలే అని తీసిపారేయొద్దు. రాయి మీద తప్పిన పేరే పింఛను కాగితంలోనూ తప్పి ఉంటుంది. రిజిస్టరులో ఒక రకం, ఆధార్‌లో ఒక రకం, తహసీల్దారు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో మూడో రకం. భార్య పేరు పెళ్ళికి ముందున్న ఇంటిపేరుతో ఒకచోట, తర్వాతి ఇంటిపేరుతో ఒకచోట. ఈ మూడూ కలవకపోతే జీపీఎఫ్ (భవిష్యనిధి), గ్రూప్ ఇన్సూరెన్స్, ఏపీజీఎల్ఐ (రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా), పింఛను, కారుణ్య నియామకం, ఒక్కోటీ ఒక్కో టేబులు దగ్గర ఆగుతుంది. అమరుల జాబితా కోసం ఇంటికెళ్ళిన మనిషి ఈ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎక్కడ తేడా ఉందో పావుగంటలో తేలిపోతుంది. రెండు పనులూ ఒకే రాకలో అవుతాయి.

ఇంకో కాగితం ఉంది, అది మనిషి బతికుండగానే పుట్టాలి. డ్యూటీకి బయలుదేరేటప్పుడు స్టేషన్ జనరల్ డైరీలో ఎంట్రీ, చేతిలో 'పాస్‌పోర్ట్', అంటే డ్యూటీ మీద పంపుతున్నట్టు స్టేషన్ రాసిచ్చే కాగితం. బందోబస్తుకు హడావుడిగా పంపి, 'తర్వాత రాద్దాంలే' అనుకున్న రోజే ప్రమాదం జరిగితే, ఆ మనిషి డ్యూటీలో ఉన్నాడా లేడా అన్న ప్రశ్న లేస్తుంది. అప్పుడు వెనకటి తేదీ వేసి రాసినా నిలవదు. డైరీలో ముందు ఎంట్రీ, తర్వాత ఎంట్రీ సమయాలు పట్టిచ్చేస్తాయి. బ్రహ్మోత్సవాల గరుడసేవ రోజు లాంటప్పుడు వందల మందిని ఒక్కసారిగా కదిలిస్తారు కాబట్టి ఈ జాగ్రత్త మన జిల్లాలకు మరీ ముఖ్యం. స్టేషన్ రైటర్లకు ఈ ఒక్క మాట గట్టిగా చెప్పండి.

సరిహద్దుల చిక్కు కూడా తక్కువది కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి నెల్లూరు నుంచి తిరుపతికి వచ్చాయి. పీలేరు, మదనపల్లె, తంబళ్ళపల్లె పాత చిత్తూరు నుంచి అన్నమయ్యకు పోయాయి. ఫైళ్ళు లారీల్లో కదిలాయి, రాళ్ళు కదల్లేదు. పాత చిత్తూరు రాతి మీద మదనపల్లె పేరుంటే అది ఏ జిల్లా అమరుడు? గూడూరు పక్క పోయినవాడి పేరు తిరుపతిలో చదవాలా, నెల్లూరులోనా? మా అభిప్రాయం సూటిగా చెప్తాం. రెండు చోట్లా చదవండి. పేరు రెండుసార్లు వినిపిస్తే నష్టం లేదు. ఇద్దరూ 'అవతలివాళ్ళు చదువుతారులే' అనుకుంటేనే నష్టం.

ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్‌లో ఇది మరీ ఎక్కువ. ఆఫీసు తిరుపతిలో, అడవి మూడు నాలుగు జిల్లాల్లో, మనుషులు డెప్యుటేషన్ మీద ఎక్కడెక్కడి నుంచో. 2024 ఫిబ్రవరిలో కె.వి.పల్లి మండలం గుండ్రేవారిపల్లె దగ్గర స్మగ్లర్ల కారును ఆపబోయిన టాస్క్‌ఫోర్స్ కానిస్టేబుల్‌ను ఆ కారే గుద్ది చంపింది. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఇంటివాళ్ళను అడగకుండా పేరు వాడొద్దని మీకు చెప్తూ మేమే వాడితే బాగోదు. అలాంటి మనిషికి చనిపోయిన చోటు ఒక జిల్లా, పనిచేసిన ఆఫీసు ఇంకో జిల్లా, సొంతూరు మరో జిల్లా, మాతృ యూనిట్ వేరే. నాలుగు చోట్లా పేరు ఉండాల్సిన మనిషి, ఒక్కచోటా లేకుండా పోయే ప్రమాదమూ ఆయనకే. ప్రతి జిల్లాలో ఒక గుమాస్తాకు ఈ బాధ్యత పేరుపెట్టి అప్పగించి, మిగతా మూడు చోట్లకు ఉత్తరం రాయించండి.

అడవి శాఖవాళ్ళ మాట కూడా ఒకటి. 2013 డిసెంబరులో శేషాచలంలో స్మగ్లర్ల దాడిలో ఇద్దరు అటవీ ఉద్యోగులు చనిపోయారు. వాళ్ళ సంస్మరణ సెప్టెంబరు 11, అటవీ అమరవీరుల దినం. శాఖ వేరు, తేదీ వేరు, నిజమే. అడవి మాత్రం ఒకటే, కూంబింగ్‌లో పక్కపక్కన నడిచేదీ వాళ్ళే. సెప్టెంబరు 11న మన తరఫున ఒక అధికారి పూలగుచ్ఛంతో వెళ్తే ఏ రూలూ అడ్డుచెప్పదు. అలాగే హోంగార్డులు. పేరు చదివేటప్పుడు వాళ్ళను చివర్లో 'తదితరులు'లో కలిపేయొద్దు.

ఇక పరేడ్. డ్రిల్ సంగతులు ఏఆర్‌వాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అయినా ఏటా చెడేవి నాలుగైదు ఉన్నాయి.

తుపాకీ తలకిందులు చేసి సంతాపం తెలిపే శోక్ శస్త్ర్‌లో రైఫిల్ మూతి ఎడమ బూటు మీద ఆనుతుంది, అరచేతులు బట్ మీద ఒకదానిమీద ఒకటి, తల వంగుతుంది. ఈ భంగిమ పాత .303 రైఫిలుకు కుదిరింది. ఎస్ఎల్ఆర్ రైఫిలు కూడా దాదాపు అంతే పొడవు కాబట్టి సరిపోతుంది. ఇన్సాస్ రైఫిలు మీటరుకంటే పొట్టి. ఆరడుగుల మనిషి దాని మీద చేతులు పెట్టాలంటే నడుము వంచాల్సి వస్తుంది, దుఃఖంలో ఉన్నట్టు కాకుండా ఏదో వెతుకుతున్నట్టు కనిపిస్తాడు. ఆ ఒక్క ప్లాటూన్‌కైనా ఒకే రకం, పొడుగు ఆయుధాలు ఇప్పించండి. లేదంటే ఇన్సాస్ ప్లాటూన్‌కు పొట్టివాళ్ళను ఏరండి.

తల వంచి నిలబడే ఆ సమయంలోనే ప్రముఖులు పూలగుచ్ఛాలు పెడతారు. నలభై మంది పెడితే కుర్రాళ్ళు ఇరవై నిమిషాలు అలాగే ఉంటారు. ఇద్దరు ముగ్గురు కూలిపోతారు. దానికి బలహీనత కారణం కాదు. మోకాళ్ళు బిగబట్టి కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలోనే నిలిచి తలకు అందదు. పైగా తెల్లారి నాలుగున్నరకు లేచి, ఖాళీ కడుపుతో వచ్చి ఉంటారు. ఆరింటికల్లా ఇడ్లీ పెట్టించండి, నీళ్ళు తాగించండి. మోకాళ్ళు ఒక పిసరు సడలించి, బూట్లలో కాలివేళ్ళు ఆడిస్తూ ఉండమని చెప్పండి. పూలగుచ్ఛాలు పదికి మించనివ్వకండి. మిగతావాళ్ళు పరేడ్ డిస్మిస్ అయ్యాక పెట్టుకుంటారు.

ఆ పదిలో మొదటిది ఎవరిది? కుటుంబాలదే కావాలని మేమంటాం. ప్రోటోకాల్ ఒప్పుకోదనేవారుంటారు. పూలగుచ్ఛాల వరస పై నుంచి రాసి పంపరు, జిల్లాలోనే రాసుకుంటారు.

బ్యూగిల్. అమరులకు వీడ్కోలుగా ఊదే 'లాస్ట్ పోస్ట్' వాయించడానికి నిమిషం పైచిలుకు పడుతుంది. బ్యూగిల్‌కు మీటలుండవు, స్వరాలన్నీ పెదవులతోనే పలకాలి. పెదవులు చల్లబడి, ఎండిపోయి ఉంటే పై స్వరం చీలిపోతుంది. వాయించే కానిస్టేబుల్‌ను వరసలో గంటసేపు నిలబెట్టి, హఠాత్తుగా వాయించమంటే అదే జరుగుతుంది. అతన్ని టెంటు వెనకాల ఉంచి, పది నిమిషాల ముందు మెల్లగా ఊదనివ్వండి. కొన్నిచోట్ల ఫోన్లోంచి స్పీకర్‌కు పెట్టేస్తున్నారు. అదే గతి అయితే ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. లాస్ట్ పోస్ట్ మధ్యలో కాల్ వస్తే ఆ రింగ్‌టోన్ మైదానమంతా వింటుంది.

రెండు నిమిషాల మౌనం నలభై సెకన్లకే ముగుస్తుంది, ఎందుకంటే గడియారం చూసేవాళ్ళు ఉండరు. అందరూ తల వంచినప్పుడు తల ఎత్తి గడియారం చూసే పని ఒక్కరికి అప్పగించండి. మౌనం ముగిసిందని తెలిపే 'రౌజ్' వాయించమని బ్యూగిలర్‌కు సైగ చేసేది ఆయనే.

ఏడాదిలో ఎవరైనా పోతే అంత్యక్రియల్లో గాలిలోకి మూడు సార్లు కాల్పులుంటాయి. 2019 ఆగస్టులో బీహార్‌లో ఒక మాజీ ముఖ్యమంత్రి అంత్యక్రియల్లో 22 తుపాకులు ఎత్తితే ఒక్కటీ పేలలేదు, దేశమంతా చూసింది. బ్లాంక్ గుండ్లు పాతబడినా, చెమ్మ పట్టినా ఇదే తంతు. ఒక లాట్ తీసుకునేటప్పుడు అందులోంచి ఐదు ముందురోజు కాల్చి చూడండి. ఎస్ఎల్ఆర్, ఇన్సాస్ లాంటివి బ్లాంకుతో తమంతట తాము మళ్ళీ లోడ్ కావు. బుల్లెట్ లేనప్పుడు గొట్టంలో అంత ఒత్తిడి నిలవదు. ప్రతి రౌండుకూ చేత్తో కాక్ చేయాలి, అదీ అందరూ ఒకేసారి. అది రిహార్సల్ చేయకపోతే మొదటి రౌండు 'ఢాం' అని, రెండోది పేలాలు వేగినట్టు వినిపిస్తుంది. దేహం మీద జెండా కప్పితే కాషాయం తలవైపు ఉండాలి. చితికి నిప్పు పెట్టే ముందు, గుంతలో దించే ముందు జెండాను తీసి మడిచి ఇవ్వాలి. జెండా కాలకూడదు, గుంతలోకి పోకూడదు.

వాన గురించి ఒక్క మాట. అక్టోబరు మూడో వారం మనకు ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే కాలం. షామియానా గుడ్డ నీళ్ళు ఆపదు, నడుమ బుంగలా ఊరి ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. అదీ సరిగ్గా కుటుంబాలు కూర్చునే వరస మీదే. రేకుల షెడ్డో, వాటర్‌ప్రూఫ్ టెంటో వాళ్ళకు కేటాయించండి. ప్రముఖులకు ఎలాగూ గొడుగు పట్టేవాళ్ళుంటారు.

పేర్లు చదవడం. దేశం మొత్తం జాబితా ఏటా సుమారు రెండు వందల పేర్లు. ఒక్కో పేరుకు నాలుగు సెకన్లు వేసుకున్నా పదమూడు నిమిషాలు దాటుతుంది. టైం లేదని ఏడు నిమిషాల్లో ముగిస్తే అది చదవడం కాదు, లెక్కపెట్టడం. టైం చాలకపోతే ఉపన్యాసాలు తగ్గించండి. చదివే అధికారికి జాబితా ముందురోజు సాయంత్రం కాదు, వారం ముందు ఇవ్వండి. పెద్ద అక్షరాల్లో, పేజీకి పన్నెండు పేర్లకు మించకుండా, మన రెండు జిల్లాల పేర్లు తెలుగులోనే. అను ఫాంట్లలో టైపు చేసి యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. లక్ష్మయ్య, సుబ్రహ్మణ్యం, కృష్ణమూర్తి ముందుగా చెడతాయి. ఫోన్లో చూసి ఓకే అనకండి. ప్రింటు తీసి, పెన్ను పట్టుకుని చూడండి.

రాతి సంగతి కూడా చెప్పి ముగిస్తాం. గ్రానైట్‌కు మన జిల్లాకు కరువు లేదు, పనివాళ్ళకూ లేదు. నల్ల గ్రానైట్ పాలిష్ రాయి మంచిదే. అక్షరం స్టిక్కర్‌లో కత్తిరించి ఇసుకతో కొట్టిస్తారు. అక్షరం ఎత్తు అంగుళంకంటే తక్కువైతే ఒత్తుల లోపలి సందులు పూడిపోతాయి. 'క్ష్మి' ఒక మచ్చలా మిగులుతుంది. అంగుళంబావు పెట్టించండి. తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి రెండు వరసల మధ్య జాగా ఇంగ్లీషుకంటే బాగా ఎక్కువ కావాలి. లోతు రెండు మిల్లీమీటర్లకు తగ్గొద్దు. స్టిక్కర్ అంటించాక, ఇసుక కొట్టకముందు, చెక్కేవాడి దగ్గరికి మనిషిని పంపి ఒక్కో పేరూ కాగితంతో సరిచూడాలి. ఆ తర్వాత దిద్దడానికి రబ్బరుండదు. బంగారు రంగు వేయించొద్దు. మన ఎండలకు రెండు వేసవుల్లో పొలుసులు లేస్తుంది, సగం పేరు మెరుస్తూ సగం మాసి ఉంటుంది. నల్లరాతి మీద రంగు లేని చెక్కుడు అక్షరం తెల్లగా దానంతటదే కనిపిస్తుంది. బిగించే కొక్కేలు స్టీలువి వాడండి, ఇనుపవైతే తుప్పు చారలు పేర్ల మీదికి కారతాయి.

కొత్త రాయి వేసేటప్పుడు కింద పది వరసలు ఖాళీ వదలడం ఒక అలవాటు. మళ్ళీ రాయి కొనక్కర్లేదని లెక్క. ఆ ఖాళీ జాగా అద్దంలా మెరుస్తుంది. ఎదురుగా ముందు వరసలో నిలబడ్డవాళ్ళ బూట్లు, మోకాళ్ళు అందులో కనిపిస్తాయి. వాళ్ళ భార్యాపిల్లలు అక్కడే కూర్చుని చూస్తుంటారు. ఉన్న పేర్లకు సరిపడా రాయే పెట్టించండి. అవసరం వస్తే ఇంకో పలక పక్కన చేర్చుకోవచ్చు, ఆ ఖర్చు పెద్దదేమీ కాదు.

సభలో శాలువాలు, మెమెంటోల విషయం మీ ఇష్టం. ఒక్కటి మాత్రం గమనించండి. వచ్చిన ఆడవాళ్ళకు పళ్ళెంలో పసుపు కుంకుమ, పూలు పట్టుకుని వరసగా ఇస్తూ వచ్చే అమ్మాయి, చనిపోయినవాడి భార్య దగ్గర ఒక క్షణం ఆగి, ఆమెను దాటి పక్క కుర్చీకి వెళ్తుంది. ఆ అమ్మాయి తప్పు లేదు, ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. ఆ పళ్ళెమే వద్దు. అందరికీ పండో, మంచినీళ్ళో ఇవ్వండి.

చివరిగా పని వరస. ఆగస్టు నెలాఖరుకు పేర్లు తేల్చుకోండి. సెప్టెంబరు మొదటి రెండు వారాల్లో, చదవబోయే కాగితం, చెక్కబోయే అక్షరాల నమూనా, రెండూ పట్టుకుని ప్రతి ఇంటికీ ఒక మనిషి వెళ్ళాలి. ఆగస్టు 31 తర్వాత పోయినవారి ఇళ్ళకు కూడా వెళ్ళి, పేరు ఈసారి కాదు వచ్చే ఏడు చదువుతారని, ఎందుకో ముందే చెప్పాలి. చెప్పకపోతే వాళ్ళు వచ్చి, జాబితా చివరిదాకా విని, ఏమీ అడగకుండా వెళ్ళిపోతారు. కాగితం కింద ఇంటివాళ్ళ సంతకం తీసుకోండి. చదవడం రాని తల్లి ఉంటే ఫోన్లో కాకుండా ఎదురుగా కూర్చుని చదివి వినిపించండి. ఆమె ఎక్కడ తల అడ్డంగా ఊపితే అక్కడ పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పనిచేసి విరమించిన కొందరు ఆర్ఎస్ఐలు (రిజర్వ్ ఎస్ఐలు), డ్రిల్ శిక్షకులు, కార్యాలయ సిబ్బంది